కుంగే సీటు: ఇంట్లో చేసుకుంటున్న స్ప్రింగు సీటు, పని డైరీ

మొదలుపెట్టే ముందు

బండి సీటు సంగతి వచ్చినప్పుడు చాలామంది రెండు బాధలను ఒకే గాటన కట్టేస్తారు. గుంతలో పడగానే వెన్నుపూసలోకి దూసుకొచ్చే దెబ్బ ఒకటి. గంటన్నర దాటాక పిర్రల కింద మొదలయ్యే మంట, తిమ్మిరి రెండోది. మొదటిదానికి స్ప్రింగు కావాలి. రెండోదానికి కింది రేకు ఆకారం, దాని మీద ఫోము కావాలి. ఫోము ఎంత మందంగా వేసినా పెద్ద గుంత దెబ్బ ఆగదు. ఎంత మంచి స్ప్రింగు పెట్టినా, రేకు ఆకారం కుదరకపోతే తిమ్మిరి తగ్గదు. ఈ రెండింటినీ విడదీసి, దేని పని దానికి అప్పగించాలన్నదే నా ప్రయత్నం.

నాది సింగిల్ సిలిండర్ బండి. వెనక రెండు షాక్ అబ్సార్బర్లు ఉన్నాయి, అవి బాగానే పనిచేస్తున్నాయి. కంపెనీ ఇచ్చిన పొడవాటి ఫోము సీటు తీసేసి, ఒక్కరే కూర్చునే సీటు పెడుతున్నాను. ముందు కీలు, వెనక రెండు స్ప్రింగులు. వెనక ఎవర్నీ ఎక్కించుకునే ఉద్దేశం లేదు కాబట్టి వెనక ఫుట్‌రెస్టులు కూడా తీసేస్తున్నాను.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. వెనక చక్రానికి సస్పెన్షనే లేని రోజుల్లో నడిపేవాడి నడుముని కాపాడింది సీటు కింది స్ప్రింగే. హార్లీ డేవిడ్‌సన్ 1912లోనే ఫ్రేము గొట్టం లోపల స్ప్రింగు దూర్చి సీటుని దాని మీద నిలబెట్టింది. ఆ కంపెనీ పెద్ద బళ్ళకు వెనక సస్పెన్షన్ వచ్చింది 1958లో. అన్నేళ్ళపాటు జనం దూరప్రయాణాలు చేసింది ఆ సీటు మీదే. మనకి బాగా తెలిసిన ఉదాహరణ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ తొలి మోడళ్ళు. వాటి సీటు వెనక రెండు స్ప్రింగులు బయటికే కనిపించేవి.

ఆదివారం: అట్టముక్క మీద రెండు గుంటలు

స్ప్రింగు వెతకడానికి ముందు తెలియాల్సినవి రెండు. సీటు మీద నిజంగా పడే బరువెంత? అది ఎక్కడ పడుతుంది?

నా బరువు 75 కిలోలు. అదంతా సీటు మీద పడదు. కొంత కాళ్ళ మీద, కొంత చేతుల మీద పోతుంది. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, పాత సీటు మీద చెక్క పలక, దాని మీద బరువు తూచే మిషన్ పెట్టి కూర్చున్నాను. కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద, చేతులు హ్యాండిల్ మీద, మామూలుగా నడిపేటప్పుడు ఉన్నట్టే. మిషన్ 56 కిలోలు చూపించింది. బలంలో చెప్పాలంటే 550 న్యూటన్లు. ఇకమీదట లెక్కలన్నీ దీనితోనే. చాలామంది మొత్తం ఒంటి బరువు వేసి లెక్క కడతారు, స్ప్రింగు అవసరానికి మించి గట్టిగా రావడానికి అదో కారణం.

ఎక్కడ పడుతుందో తెలుసుకోవడానికి ముడతల అట్టపెట్టె ముక్క చాలు. పలక మీద ఆ అట్ట వేసుకుని కాసేపు కదలకుండా కూర్చుని లేస్తే, కూర్చునే ఎముకలు రెండూ గుంటలు పెడతాయి. కంటికి సరిగ్గా ఆనకపోతే సుద్దముక్కని పక్కవాటుగా రుద్దితే గుంటలు అట్ట రంగులోనే మిగిలిపోయి చుట్టూ తెల్లబడుతుంది. నా గుంటల మధ్య దూరం 12 సెంటీమీటర్లు. కీలు పెట్టాలనుకున్న చోటి నుంచి వాటి దాకా 220 మి.మీ. స్ప్రింగులకు చోటు దొరికేది ఇంకాస్త వెనక, కీలు నుంచి 270 మి.మీ. దగ్గర.

ఈ 220, 270 అనే రెండు అంకెలే సీటు స్వభావాన్ని నిర్ణయిస్తాయి. స్ప్రింగు నా కన్నా వెనక ఉంది కాబట్టి దాని మీద పడే బలం తగ్గుతుంది, కానీ అది కదిలే దూరం పెరుగుతుంది. రెండూ కలిసి, నాకు తగిలే గట్టిదనం స్ప్రింగు అసలు గట్టిదనానికి ఒకటిన్నర రెట్లు అవుతుంది.

సోమవారం రాత్రి: ఎంత కుంగాలి

సీటు ఎంత కుంగుతుందో తెలిస్తే అది సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పెయ్యొచ్చు. కుంగుడుని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే హెర్ట్జ్ వస్తుంది. 9 మి.మీ. కుంగితే 5 హెర్ట్జ్ పైన. 30 మి.మీ. కుంగితే 2.9.

ఇదెందుకు ముఖ్యమంటే, కూర్చున్న మనిషి ఒంటికి నిలువు ఊపుల్లో ఎక్కువ చేటు చేసేవి 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య ఉండేవి. దాదాపు 5 దగ్గర మన మొండెం దానంతటదే ఊపందుకుంటుంది. స్ప్రింగు ఏ ఊపునైనా తగ్గించడం మొదలుపెట్టేది తన సొంత ఊపుకి 1.4 రెట్లు దాటాకే. అంతకు లోపల పెంచుతుందే తప్ప తగ్గించదు.

ఇంట్లో ఒక జత స్ప్రింగులు ఉన్నాయి. తీగ మందం 6 మి.మీ., చుట్టు సగటు వ్యాసం 50, పనిచేసే చుట్లు 5. చూడ్డానికి సీటు స్ప్రింగుల్లాగే దిట్టంగా ఉన్నాయి. సూత్రం ప్రకారం తీగ మందానికి నాలుగో ఘాతం కట్టి (6×6×6×6), ఉక్కు గుణకం 79,000తో గుణించి, కింద 8, వ్యాసం ఘనం, చుట్ల సంఖ్యలతో భాగించాలి. ఒక్కోటి మిల్లీమీటరుకి 20.5 న్యూటన్లు వచ్చింది. వీటిని పెడితే నా కింద 9 మి.మీ. మాత్రమే కుంగుతుంది. అంటే సుమారు 5.3 హెర్ట్జ్. ఏ ఊపు నుంచి తప్పించుకోవాలనుకుంటున్నానో సరిగ్గా దాని మీదికే సీటుని తీసుకెళ్ళి కూర్చోబెడతాయవి. ఫోము సీటే నయం. స్ప్రింగు సీటు వేయించుకుని, 'ఇంతకుముందుకన్నా నడుం నొప్పి ఎక్కువైంది' అనేవాళ్ళ మాట నిజమే అయ్యుండాలి. వాళ్ళ సీటు ఇలాంటి స్ప్రింగు మీదే ఉండుంటుంది.

నాకు కావాల్సింది 30 మి.మీ. కుంగుడు. వెనక్కి లెక్క కడితే ఒక్కో స్ప్రింగు మిల్లీమీటరుకి 6.1 న్యూటన్లు ఉండాలి. తీగ 5 మి.మీ., సగటు వ్యాసం 50, పనిచేసే చుట్లు 8 అయితే 6.17 వస్తుంది. తీగ మందం ఒక్క మిల్లీమీటరు తగ్గితేనే గట్టిదనం సగానికి పడిపోతుందని ఇక్కడ చూడొచ్చు. మిగతాది చుట్లు పెంచి తగ్గించాను. అప్పుడు 5 హెర్ట్జ్ ఊపులో నాకు అందేది సగమే. చక్రం గతుకుల మీద టకటకలాడే 10 హెర్ట్జ్ దగ్గరైతే పదో వంతు కూడా అందదు.

ఇంకా మెత్తగా పెట్టొచ్చుగా అంటే, చోటు లేదు. 2 హెర్ట్జ్‌కి దింపాలంటే 62 మి.మీ. కుంగాలి. సీటు అంత దిగితే మోకాలు మడత మారిపోతుంది, బ్రేకు మీద పాదం వాలు మారుతుంది, హ్యాండిల్ దూరం మారుతుంది. ప్రతి గుంతకీ ఎక్సలరేటర్ చెయ్యి కదిలే బండిని నేను నడపలేను. కంటికి ఎంత హాయిగా కనిపించినా సరే, 30 దగ్గరే ఆగాను.

బుధవారం: స్ప్రింగులకు ఆర్డరు

చుట్టేవాళ్ళకి ఇచ్చిన కొలతలు: స్ప్రింగ్ స్టీలు తీగ 5 మి.మీ., బయటి వ్యాసం 55, మొత్తం చుట్లు 10, రెండు చివర్లూ మూసి చదునుగా అరగదీయాలి, ఖాళీగా ఉన్నప్పుడు పొడవు 130. చుట్టాక వేడిచేసి ఒత్తిడి తీసేయమని ప్రత్యేకంగా చెప్పాను. అలా చెయ్యకపోతే కొన్నాళ్ళకు స్ప్రింగు పొట్టిదైపోతుంది.

130 ఎలా వచ్చిందంటే, చుట్లన్నీ ఒకదానికొకటి తగిలేదాకా నొక్కితే 50. నా బరువుకి స్ప్రింగు కుంగేది 36. మిగిలిన 44 గుంతల కోసం. నేను కూర్చునే చోట ఆ 44 కాస్తా 36 మి.మీ. అవుతుంది. ఒక గతుకు నా బరువుని క్షణంపాటు రెట్టింపు చేస్తే ఇంకో 30 కుంగుతుంది, అంటే అంచుదాకా వచ్చి ఆగుతుంది. అంతకుమించిన దెబ్బకి రబ్బరు దిమ్మలు ఉండాల్సిందే.

శనివారం: రేకు

ఈ పనికి ఎక్కువ సమయం పట్టింది. పట్టాలి కూడా.

అట్టతో నమూనా కత్తిరించి 2 మి.మీ. ఉక్కు రేకు మీద గీశాను. వెనక వెడల్పు 270, ముక్కు దగ్గర 120. ఇసుక సంచి మీద రేకు పెట్టి చెక్క సుత్తితో కొడుతూ పోతే పళ్ళెంలా లోతు పడుతుంది. రెండు ఎముకలూ ఆనే చోట లోతు 15 మి.మీ. మించకుండా చూసుకున్నాను. లోతు ఎక్కువైతే అటూ ఇటూ జరగడానికి వీలుండదు, దూరం వెళ్ళేటప్పుడు జరగగలగడం చాలా అవసరం. వెనక మధ్యలో తోక ఎముక రేకుకి తగలకుండా చిన్న కాలవలా వదిలాను. ముక్కు పక్క అంచుల్ని బాగా కిందికి వంచాను. తొడ కింది నరం అక్కడే నొక్కుకుంటుంది, కాలు తిమ్మిరెక్కేది అక్కడినుంచే.

సుత్తి దెబ్బలకి రేకు మొదట్లో అలలు అలలుగా లేస్తుంది. కంగారు పడక్కర్లేదు. అంచు నుంచి మధ్యకి గుండ్రంగా తిరుగుతూ, తేలికపాటి దెబ్బలతో వెళ్తే అదే సర్దుకుంటుంది. అరచేత్తో తడిమితే కంటికి కనపడని ఎత్తుపల్లాలు తెలుస్తాయి. చివరికి కింద అంచు చుట్టూ 8 మి.మీ. ఊచ వంచి వెల్డింగ్ చేయించాను. ఊచ పడ్డాక రేకు మెలిక పోకుండా గట్టిపడింది.

తర్వాతి మంగళవారం: స్ప్రింగులు వచ్చాయి

కొలవకుండా బిగించకూడదు. ఒక్కో స్ప్రింగుని నిలబెట్టి మధ్యలోంచి కర్ర దూర్చి, పైన పలక వేసి, నీళ్ళ డబ్బా పెట్టాను. డబ్బా, పలక బరువులతో కలిపి 10 కిలోలు అయ్యేలా నీళ్ళు పోశాను. లెక్క ప్రకారం 16 మి.మీ. కుంగాలి. ఒకటి 16, ఇంకోటి దానికన్నా ఓ వెంట్రుకవాసి తక్కువ. జత సరిపోయింది. ఇక్కడ తేడా ఎక్కువుంటే సీటు ఒక పక్కకి ఒరుగుతుంది, ఆ ఒరుగుడు నడుముకి తెలుస్తుంది.

ఇంకొక మాట. స్ప్రింగుని దేనికీ వెల్డింగ్ చెయ్యకూడదు. వేడి తగిలిన చోట పదును పోయి, అక్కడే విరుగుతుంది. లోపలి వ్యాసం 45 కాబట్టి 42 మి.మీ. గొట్టాన్ని 20 మి.మీ. ముక్కలుగా కోసి పట్టీల మీద వెల్డు చేయించాను. స్ప్రింగు చివర ఆ ముక్క చుట్టూ ఊరికే కూర్చుంటుంది. ఈ ముక్కల్నే గిన్నెలు అంటున్నాను.

గిన్నెల వాలు చూసుకోవాలి. సీటు కీలు మీద తిరుగుతుంది కాబట్టి, ఖాళీ సీటుకి, నేను కూర్చున్న సీటుకి మధ్య దాదాపు 8 డిగ్రీల తేడా వస్తుంది. పై గిన్నెని ఖాళీ సీటుకి సరిచేస్తే, కూర్చోగానే స్ప్రింగు విల్లులా వంగి పక్కకి ఉబ్బుతుంది. అందుకే 94 మి.మీ. పొడవున్న రెండు చెక్క దిమ్మల్ని స్ప్రింగుల స్థానంలో పెట్టి, రసమట్టంతో సీటు చదునుగా ఉందో లేదో చూసి, ఆ స్థితిలో పై గిన్నెలకు వెల్డింగ్ టాకాలు వేయించాను. ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు సీటు ముక్కు కిందికి వాలినట్టు కనిపిస్తుంది. పాత బళ్ళ స్ప్రింగు సీట్లు చాలా అలా కనిపించడానికి ఇదో కారణం.

గురువారం: కీలు, బ్రాకెట్లు

"ఫ్రేముకే నేరుగా వేసేద్దాం తమ్ముడూ, కదలకుండా ఉంటుంది" అన్నాడు వెల్డింగ్ అన్న. వద్దన్నాను. ఫ్రేము గొట్టం మీద వేడి పడితే ఆ పక్కన బలహీనపడుతుంది. పైగా రేపు పాత సీటు మళ్ళీ పెట్టుకోవాలంటే దారి ఉండాలి. పాత సీటు బోల్టుల రంధ్రాలకే బిగిసేలా విడి బ్రాకెట్లు చేశాం. ఆయన కూడా కాసేపు చూసి, "ఇదే మంచిది, విప్పుకోవచ్చు" అని ఒప్పుకున్నాడు.

కీలుకి 12 మి.మీ. హైటెన్‌సైల్ బోల్టు, కంచు బుష్‌లు, వదులవ్వకుండా నైలాక్ నట్టు. కీలు గొట్టం పొడవు 100 మి.మీ. పెట్టాను. ఇది పొట్టిగా ఉంటే మలుపుల్లో సీటు పక్కలకి ఊగుతుంది, బండి ఊగుతున్నట్టు అనిపించి భయం వేస్తుంది. వెనక రెండు స్ప్రింగులు పక్కల ఊగుడుని పూర్తిగా ఆపలేవు, ఆపాల్సింది కీలే.

సీటు ఎత్తు పెరగకుండా కింది గిన్నెల్ని సీటు పట్టాల కన్నా 45 మి.మీ. కిందికి, పట్టాలకి బయటి వైపున దింపాం. దించాక చూసుకున్నవి: షాకులు పూర్తిగా కుంగినా మడ్‌గార్డు పట్టీలకి తగలకపోవడం, వైర్ల కట్ట స్ప్రింగు చుట్ల మధ్యకి రాకపోవడం, బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ మీద రబ్బరు తొడుగు. రేకు కిందికి వంగి ఆ టెర్మినల్‌కి తగిలితే నిప్పురవ్వలే.

సీటు కింద వెనక వైపు నైలాన్ పట్టీ ఒకటి కట్టాను, స్ప్రింగులు 125 మి.మీ. మించి సాగకుండా. దీనివల్ల గిన్నెల మీంచి స్ప్రింగు ఎప్పటికీ ఊడిరాదు. నేను ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడ్డప్పుడు సీటు పైకి ఎగిరి కొట్టదు.

ఆదివారం: ఊగుడుకి కళ్ళెం

ఫోము వేయకముందే సీటుని చేత్తో నొక్కి వదిలితే చాలాసేపు ఊగుతూనే ఉంది. స్ప్రింగు దెబ్బని దాచుకుంటుంది, తనంతట తాను ఖర్చు చెయ్యదు. ఖర్చు చెయ్యడానికి ఏదో ఒక రాపిడి కావాలి. షాక్ అబ్సార్బర్‌లో ఆ పని నూనె చేస్తుంది. పాతకాలం బళ్ళ ముందు చక్రాన్ని పట్టుకునే గర్డర్ ఫోర్కుల్లో వాడిన పద్ధతి తీసుకున్నాను. కీలుకి రెండు పక్కలా ఫైబర్ బిళ్ళలు, వాటిని నొక్కే కప్పు వాషరు, చేత్తో తిప్పుకునే నాబ్.

ఎంత బిగించాలన్నది లెక్కకి అందుతుంది. ఫోము లేకుండా రేకు వెనక భాగాన్ని వేలాడదీసే త్రాసుతో లాగుతూ పైకి, కిందికి ఎంత బలం పడుతుందో చూసి, తేడాలో సగం తీసుకుంటే అదే రాపిడి. కూర్చునే చోట 40 న్యూటన్లు వచ్చేలా బిగించాను. అంత రాపిడికి ఒక్కో ఊపుకి 8.6 మి.మీ. చొప్పున తగ్గుతూ, 30 మి.మీ. ఎగిరిన సీటు మూడున్నర ఊపుల్లో నిలబడిపోతుంది. సెకను పైచిలుకు, అంతే.

దీనికో వెల ఉంది. చిన్నచిన్న అదుర్లకి 40 న్యూటన్లు దాటే బలం పుట్టదు. అప్పుడు కీలు కదలదు, సీటు మామూలు గట్టి సీటే. ఇంజిన్ అదురు, రోడ్డు గరుకు ఇవన్నీ ఫోము చూసుకోవాలి. మళ్ళీ మొదటి మాటకే వస్తున్నాం: ఎవరి పని వాళ్ళది.

ఫోము రెండు పొరలు. కింద 25 మి.మీ. గట్టి రీబాండ్ (ఫోము ముక్కల్ని అతికించి చేసేది), పైన 15 మి.మీ. మెత్తటిది. పైపొర ఒక్కటే వేస్తే నిమిషాల్లో రేకు తగులుతుంది. కిందిది ఒక్కటే వేస్తే బల్ల మీద కూర్చున్నట్టుంటుంది. పైన ప్రస్తుతానికి రెగ్జిన్ తాత్కాలికంగా లాగి కట్టాను, ఆకారం ఇంకా మార్చాల్సి రావచ్చు.

రోడ్డు మీద

మొదట పేట చుట్టూ నెమ్మదిగా. స్పీడు బ్రేకర్ ఎక్కి దిగినప్పుడు వెనక చక్రం పైకి రావడం తెలిసింది, దెబ్బ తెలియలేదు. నడుం దగ్గర బిగుసుకునే అలవాటు ఒకటి ఉంటుంది కదా, గుంత కనపడగానే ఒళ్ళు బిగపట్టుకోవడం, అది తెలియకుండానే వదిలిపోయింది. అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే. ఫోను రేకు కింద టేపుతో అంటించి ఒకసారి, ఫ్రేముకి అంటించి ఒకసారి అదే దారిలో యాక్సిలరోమీటర్ గీత తీశాను. ఫ్రేము గీతలో ముళ్ళలా నిటారుగా లేచిన చోట, సీటు గీతలో గుండ్రటి గుట్టలున్నాయి.

ఇబ్బంది బయటపడింది కాంక్రీటు రోడ్డు మీద. అక్కడ పలకల అతుకులు 4.5 మీటర్లకొకటి ఉన్నాయి. గంటకి 45 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 2.8 అతుకులు దాటుతాం. సీటు సొంత ఊపు 2.9. ఒక్కో అతుకూ చిన్నదే అయినా, ఉయ్యాలని సరైన సమయానికి తోసినట్టు ప్రతిదీ ముందు ఊపుకి తోడై సీటు లయగా ఎగరడం మొదలైంది. 60కి పెంచితే 3.7 అవుతుంది, ఊగుడు బాగా తగ్గింది. 30కి దించితే పూర్తిగా పోయింది. వేగం మార్చడం కుదరని చోట నాబ్‌ని పావు చుట్టు బిగిస్తే చాలు. చేతికి అందేలా నాబ్ పెట్టుకోవడం ఇందుకే అక్కరకొచ్చింది. బిగించే ముందు బండి ఆపాలి, నడుపుతూ కింద తడుముకోకూడదు.

దూరప్రయాణంలో తిమ్మిరి ఎడమ తొడకి ఇంకా కొంచెం వస్తోంది, కుడికి లేదు. ముక్కు ఎడమ అంచు కుడి వైపు కన్నా కాస్త తక్కువ వంగినట్టుంది. రెగ్జిన్ విప్పి, ఫోము తీసి, ఆ అంచుని ఇంకో 5 మి.మీ. వంచి చూడాలి. అలాగే రబ్బరు దిమ్మల మీద సుద్ద పూసి పెట్టాను. పెద్ద గుంతల రోడ్డు మీద తిరిగొచ్చాక రేకు కింద సుద్ద అంటిందో లేదో చూస్తే, దిమ్మలు ఎంత తరచుగా తగులుతున్నాయో తెలుస్తుంది. ఎక్కువగా అంటితే దిమ్మల్ని పొట్టివి చెయ్యను, పొడుగు పెంచి ఇంకా మెత్తటి రబ్బరు పెడతాను, దెబ్బ ఒక్కసారిగా కాకుండా ముందునుంచే ఆగుతూ రావడానికి. ఆ రెండూ తేలాక కుట్టుపనికి ఇస్తాను. వెల్డింగ్ అతుకుల్ని మాత్రం ప్రతివారం గుడ్డతో తుడిచి, వెలుతురులో చూస్తూనే ఉన్నాను. వెంట్రుకంత చీలిక కనపడినా సీటు విప్పేసి పాతది బిగిస్తాను.